పక్కవాడి ఆమేన్

నిజాం జమానాలో కర్నూలు వైపు నుంచి తుంగభద్ర దాటి, గద్వాల మిషను బడిలో చేరాను. నాణెం కూడా వేరు, మాకది పరదేశమే. బోర్డింగులో పెట్టే తిండికి బదులుగా బడి అయ్యాక పనిచేయాలి. నాకు బావి నీళ్లు తోడే పని పడింది. తోటి విద్యార్థి, వడ్డేపల్లి దావీదుకు చర్చి దీపాలు తుడిచే పని దొరికింది. నా అరచేతులు బొబ్బలెక్కుతుంటే వాడు నీడన కూర్చుని కీర్తనలు వల్లించేవాడు. "జర విను అన్నా, సరిగ్గ చెప్తున్ననా?" అని నన్నే అడిగేవాడు. ఆదివారం వాక్యం చదివేదీ వాడే. వాడి గొంతు వింటేనే నా కడుపు మండిపోయేది.

ఒక ప్రార్థన కూడికలో నా వంతు వచ్చింది. ప్రతి మాటకూ సంఘమంతా ఆమేన్ అనడం మా ఆనవాయితీ. కళ్లు మూసుకుని, "ప్రభువా, నీడన కూర్చున్నవాళ్ల గర్వం అణచు. వాళ్లకూ చేదతాడు పట్టించు" అన్నాను. ఎవరి గురించో అందరికీ తెలిసిపోయింది. ఎవరూ ఆమేన్ అనలేదు. నా పక్కనుంచి మాత్రం "ఆమేన్!" అని ఖంగున వినిపించింది. దావీదే!

తర్వాత వాడి వంతు. "ప్రభువా, అన్న పరాయి రాజ్యం నుంచి వచ్చిండు. చేతులు పుండ్లయినయి. రేపటి సంది నేను నీళ్లు తోడుత, దీపాల పని ఆయనకియ్యి."

సంఘమంతా ఆమేన్ అంది. నా నోరు మాత్రం పెగల్లేదు.

ఆనాడు రాని ఆ మాటను, ఎవరికి మేలు జరిగిందని విన్నా, ఇప్పుడు అందరికన్నా ముందు నేనే అంటున్నాను.