ముందు చక్రంలో గాజుముక్క

గ్రీజు వాసన తగిలితే నాకు ఇప్పటికీ కళ్లు మూతలు పడతాయి. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. నా కొత్త కాపురం జనగామలో ఒక ముసలి లారీ నీడలో మొదలైంది, వాళ్లకేం తెలుసు!

యుద్ధం నాటి మిలటరీ లారీ అది. మా మామ పోయాక మా ఆయన నడిపేవాడు. అరవై తొమ్మిది ఉద్యమంలో రోడ్లు బందై నెలల తరబడి మా వాకిట్లోనే నిలబడిపోయింది. దాని నీడలో బియ్యం ఏరేదాన్ని, అక్కడే కునుకు తీసేదాన్ని. సగం మెలకువలో లారీ మెల్లగా కదులుతున్నట్టు, దాని వెనకే ఇల్లూ బావీ కోళ్లగూడూ ఎక్కడికో పోతున్నట్టు అనిపించేది. నాకు భయం వేసేది కాదు, హాయిగా ఉండేది.

రోడ్లు తెరుచుకున్నాక భూపాలపల్లి అడవి నుంచి వెదురు తెచ్చే పని దొరికింది. తీరా చూస్తే ముందు చక్రాల్లోకి వాననీళ్లు దిగి బేరింగులు తుప్పుపట్టి ఉన్నాయి. ఆయన వరంగల్ పోయి నూనెకాగితంలో చుట్టిన కొత్తవి తెచ్చాడు. క్లీనరేమో నర్సింహులపేటకు పోయి మళ్లీ రాలేదు. ఉద్యమంలో లాఠీ దెబ్బ తిన్న ఆయన కుడిచెయ్యి స్టీరింగ్ పట్టగలదు గానీ, బేరింగులోకి గ్రీజు ఒత్తేంత బలం ఇంకా రాలేదు.

"గ్రీజు నువ్వు వెట్టు," అన్నాడు. "చేతులు మంచిగ కడుక్కో. ఇసుక రేణువు వడ్డా బేరింగు ఖరాబైతది. అడవి తొవ్వల ముందు చక్రం ఊడితె ఇగ బండి నా మాట వినదు."

ఎడమచేత్తో సుత్తి పట్టుకుని, ఇత్తడి ముక్క అడ్డం పెట్టి, చక్రం నడిమి హబ్బులోకి బేరింగు కూర్చునే ఉక్కు కట్టును చుట్టూ కొడుతూ దించాడు. గణగణ మోగుతున్నదల్లా ఒక దెబ్బకు గొంతు మార్చుకుంది. "కూసున్నది," అన్నాడు.

నా పని అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచును దానికేసి ఒత్తడం. ఒత్తగా ఒత్తగా ఉక్కు కడ్డీల సందుల్లోంచి మురుకుల గొట్టంలో పిండిలా గ్రీజు పైకి వచ్చేది. కొంచెం తిప్పి మళ్లీ ఒత్తాలి. అలా తిప్పుతుంటే మధ్యాహ్నమంతా నా చేతుల్లోనే మెత్తగా తిరుగుతున్నట్టుంది. ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు.

చేతికి డజను చొప్పున పెళ్లినాటి ఆకుపచ్చ గాజులున్నాయి. వాటిని తీయాలన్న ఆలోచన నాకూ రాలేదు, ఆయనకూ రాలేదు. మొగుడు ఎదురుగా ఉండగా కొత్త పెళ్లికూతురు గాజులు తీయడమా! మోచేతివైపు తోసుకున్నాను, అవి జారాయి. టప్పున ఒకటి చిట్లింది.

ఆయన లారీకి అవతల ఉన్నాడు. ముక్కలేరి కలిపి చూస్తే నూకగింజంత తక్కువైంది. అపశకునమని నోరు మెదపలేదు. ఆయన వచ్చి బేరింగు తీసుకుని బిగించాడు. చక్రం తిప్పుతూ నట్టు గట్టిగా బిగించి, మళ్లీ కాస్త వదులు చేసి, పిన్ను పెట్టాడు. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. ఎన్నో నెలల తర్వాత ఆయన నవ్వాడు.

ఆ తిరుగుతున్న చక్రం చూస్తుంటే నా కళ్లకు టేకు చెట్ల మధ్య ఎర్రమట్టి దారి కనిపించింది. దాని మీద లారీ పోతోంది, చక్రం లోపల ఆకుపచ్చగా ఏదో మెరుస్తోంది. ఇక ఆగలేకపోయాను.

"గాజు చిట్లింది. ఒక ముక్క దొరుకుతలేదు. అండ్లనే వడ్డదేమో."

తిట్టినా బాగుండేది. చక్రం మళ్లీ విప్పి, బేరింగును కిరసనాయిలులో కడిగాడు. గిన్నె అడుగున ఆకుపచ్చ ముక్క కనిపించింది. "గాజులు తియ్యి," అన్నాడు, నా మొహం చూడకుండా. గాజుల మీద వేళ్లు పెట్టాను. ఎవరి బతుకు కోసం తొడుక్కున్నానో ఆ మనిషే తన బతుకు కోసం తీయమంటున్నాడని తెలుసు. అయినా చెయ్యి రాలేదు. ఏడుపొచ్చేసింది.

అప్పటిదాకా గడప దగ్గర కూర్చుని చూస్తున్న మా అత్త లేచింది. మామ పోయినప్పటి నుంచి లారీ చప్పుడైతే చాలు, ఎదురు రాకూడదని వెనక గదిలోకి పోయి తలుపేసుకునే మనిషి. ఆమె అలా పోతుంటే నేనూ మామూలే అనుకుని చూశాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ రోజు మాత్రం ఆమె మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"జరుగు బిడ్డా. నా చేతులకు చిట్లేటియి ఏం లేవు."

రెండు చక్రాలకూ గ్రీజు ఆమే పెట్టింది. ఆయన ఒక్కో బేరింగునూ వెలుతురుకు ఎత్తి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

మర్నాడు పొద్దున ఇంజను మొదలవగానే అత్త ఎప్పటిలా లోపలికి పోయింది. లారీ కదల్లేదు. హారన్ రెండుసార్లు మోగింది.

"అవ్వా, ఎదురు రా!"

"నీకేమన్న పిచ్చి లేసిందా బిడ్డా? నీ పెండ్లాన్ని రమ్మను," అంది లోపలి నుంచి.

"గ్రీజు వెట్టింది నువ్వు. నువ్వు రాకుంటె బండి కదలది."

నేను పోయి చెయ్యి పట్టుకున్నాను. ఆమె అరచేతి గీతల్లో గ్రీజు నల్లగా ఉంది. తలమీద కొంగు కప్పుకుని వచ్చి లారీ ఎదుట నిలబడింది. నేను ఆమె చెయ్యి వదల్లేదు. లారీ ఆమె పక్కనుంచి నెమ్మదిగా సాగి, పొగలో కలిసిపోయింది.

మూడో రోజు వెదురు వేసుకుని తిరిగొచ్చాడు. ఆమె ఉన్నన్నాళ్లూ ఆమె ఎదురు రాకుండా బండి తీయలేదు.

ఆయన లేని ఈ రోజుల్లో నా చేతులూ బోసివే. ఇంట్లో ఎవరైనా ప్రయాణమైతే చుట్టాలు నా వంక ఇబ్బందిగా చూస్తారు. చూడనీ. నేను లోపలికి పోను, వాకిట్లోకి వచ్చి ఎదురుగా నిలబడతాను.