నార్వే డాక్టరూ, మా ఊరి శాలువా

యాభై ఒకటో ఏట నాకు అక్షరాలొచ్చాయి. ఊరు నన్ను మెచ్చుకుంది. మెచ్చుకుని ఊరుకోకుండా పనికి కూడా పెట్టుకుంది. చదువుకున్నవాళ్లు మైకు ముందు చదివితే మా దగ్గర ఎవరూ తలెత్తి చూడరు. మొన్నటిదాకా వేలిముద్ర వేసిన ఆడమనిషి కళ్లద్దాలు సర్దుకుని, అక్షరం కింద వేలు పెట్టుకుని చదివితే అది ఫోటో అవుతుంది. అందుకని ఓటర్ల దినమైనా, చేతులు కడుక్కునే దినమైనా కాగితం నా చేతికే వచ్చేది. నేనేం చదివానో ఎవరికీ గుర్తుండదు. ఎంతసేపు చదివానో మాత్రం అందరికీ గుర్తే.

"వదినె మైకు పట్టిందంటే మా బర్రె ఈని, దుడ్డె లేచి నిలవడ్డా గా కాయిదం ఒడవదు" అనేవాడు సర్పంచ్ భర్త. సర్పంచ్ ఆయన భార్య. సంతకం ఆమెది, కుర్చీ ఆయనది. మా ఊళ్లో ఏ సభ జరిగినా ఒక శాలువ తప్పక ఆయన భుజాల మీదికి చేరేది.

ఆ జనవరిలో కుష్ఠువ్యాధి దినం వచ్చింది. మా దగ్గర దాన్ని పెద్దరోగం అంటారు. ఆరోగ్యశాఖ సూపర్వైజరు సభకు వారం ముందే మోటార్ సైకిల్ మీద వచ్చి, నాకు రెండు పేజీల ఉపన్యాసమూ, చదువుకొమ్మని ఒక చిన్న పుస్తకమూ ఇచ్చాడు. ఈ రోగానికి కారణమైన పురుగును మొట్టమొదట కనిపెట్టిన నార్వే దేశపు డాక్టరు గురించి ఉపన్యాసం. నూటయాభై ఏళ్ల నాటి మాట.

"నార్వే అంటే యాడుంటది సారూ?" అని చాయ్ హోటలాయన అడిగాడు. ఆయన నాలుగేళ్లు దుబాయిలో ఉండి వచ్చినవాడు. లోకంలో ఏ దేశాన్నయినా దుబాయి నుంచే కొలుస్తాడు.

"దుబాయి దాటి శానా దూరం పోవాలె. మంచు దేశం" అన్నాడు సూపర్వైజరు.

"మంచుల గూడ పెద్దరోగమొస్తదా?" అని హోటలాయన నోరు తెరిచాడు. ఎండలో కష్టం చేసేవాళ్లకే అన్ని రోగాలూ రాసిపెట్టి ఉన్నాయని మా అందరి నమ్మకం.

అక్కడే చదివి చూసుకుంటే ఉపన్యాసం మొదటి పేజీ బాగానే నడిచింది. మహానుభావుడు, మానవజాతికి వెలుగు, ఇలాంటి మాటలు ఏ దినానికైనా సరిపోతాయి. వాటిని నేను అప్పటికే నాలుగుసార్లు నలుగురి మీద చదివి ఉన్నాను. రెండో పేజీ చివర వేలు ఆగిపోయింది. అక్కడ మా తోటికోడలి పేరుంది. "ఈ వ్యాధిని జయించి, నేడు ఊరికి ఆదర్శంగా నిలిచిన మన సోదరిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాము" అని ఉంది. ఇదంతా నేను చదవాలి. సూపర్వైజరు శాలువ కప్పాలి.

ఈ సంగతి రాయడానికి ఆమెను అడిగాను. "రాయి అక్కా, పేరు రాయకు, ఊరు రాయకు" అంది. తెలకపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఒకటని మాత్రం రాస్తున్నాను.

తొమ్మిదేళ్ల కిందట ఒకరోజు ఆమె పొయ్యి మీది నుంచి పెనం దింపుతుంటే మోచేతి కింద కాలింది. కాలిన వాసన వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. అక్కడ అంతకుముందే ఒక పాలిపోయిన మచ్చ ఉండేది. దగ్గర్లో చూపించుకుంటే ఊరికి తెలుస్తుందని గద్వాల సర్కారు దవాఖానకు పోయాం. డాక్టరమ్మ పన్నెండు నెలలు గోళీలు మింగాలంది, నెలకొకసారి వచ్చి తీసుకొమ్మంది. ఇద్దరు ఆడవాళ్లు నెలనెలా నాగర్‌కర్నూల్, వనపర్తి మీదుగా కృష్ణ దాటి గద్వాలకు ఎందుకు పోతున్నారో ఊరికి చెప్పాలి కదా. బీచుపల్లి ఆంజనేయునికి పన్నెండు శనివారాలు మొక్కుకున్నామని చెప్పాం. మరీ పచ్చి అబద్ధం కాకూడదని వచ్చేటప్పుడు బీచుపల్లిలో దిగి కొబ్బరికాయ కొట్టి, చిప్పలు తెచ్చి పంచేవాళ్లం.

ఆ గోళీలకు ఒళ్లు నల్లబడుతుంది. ఆమె నెలనెలా నల్లబడుతుంటే, ఏటి ఒడ్డు ఎండలో ప్రదక్షిణలు చేసి చేసి అట్లా అయిందని ఊరు చేతులు జోడించింది. ఒకామె అయితే ఆమె పాదాలకు మొక్కింది. మా భక్తి చూసి ఇంకో ముగ్గురు ఆడవాళ్లు అదే మొక్కు పట్టి, మాతో పాటు వస్తామన్నారు. వాళ్లను వేరే వారానికి మళ్లించడానికి పడ్డ తిప్పలు రోగంతో కూడా పడలేదు.

రోగం పోయింది. ఇంకో ఏడాదికి ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి చేరింది. ఏడేళ్లుగా తొంభైమంది పిల్లలు ఆమె చేతి అన్నం తింటున్నారు. ఇప్పుడు శాలువ కప్పితే మరునాడు ఆ బడిలో ఎవరి పిల్ల పళ్లెం ముందు కూర్చుంటుంది?

సూపర్వైజరును పక్కకు పిలిచాను. "సారూ, ఈమె పేరు మీకెట్ల దొరికింది?"

"గద్వాల రికార్డు మన దిక్కు పంపిన్రు అమ్మా. లిస్టుల ఉంది."

"శాలువ కప్పుతమని ఆమెకు చెప్పిన్రా?"

"చెప్తే సంబురమేముంటది? ఒక్కసారే పిలుస్తం. జనంల భయం పోవాలె. గదే మా ప్రోగ్రాం."

చెడ్డ మనిషి కాదు. మచ్చలున్నవాళ్లను వెతుక్కుంటూ ఎండలో ఊరూరూ తిరిగేవాడు. అందరి మేలూ కోరేవాడే. ఆ అందరిలో ఎవరినైనా అడగాలని ఆయనకు తోచదు, అంతే.

ఇంటికి పోయి తోటికోడలికి చెప్పాను. వేరుశనగ కాయ ఒలుస్తున్నది ఆగిపోయింది.

"నీకు అచ్చరాలొచ్చినయంటే ఎంత సంబురపడితి అక్కా" అంది. "గిందుకేనా నేర్సుకున్నది?"

సూపర్వైజరు ఇచ్చిన చిన్న పుస్తకం తీశాను. ఉపన్యాసంలో లేనిది ఏమైనా అందులో ఉంటుందేమోనని. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని మూడు రోజులు చదివాను. నేను పైకి చదివితేనే నాకు అర్థమవుతుంది. అందుకని ఆమె కాయ ఒలుస్తూ వినేది.

ఆ పుస్తకం నార్వే పుట్టుపూర్వోత్తరాల నుంచి మొదలైంది. ఆ దేశం మొదట డెన్మార్కు రాజు కింద ఉండేదట. పద్దెనిమిది వందల పద్నాలుగులో ఆయన యుద్ధంలో ఓడి, దాన్ని స్వీడన్ రాజుకు ఇచ్చేశాడు.

"ఇచ్చుడేంది? బర్రెనా?" అంది తోటికోడలు.

"గంతే. లోపలున్నోళ్లను ఎవ్వలు అడగలే."

"మనకు గిట్లనే గాలేదా? రాత్రి పండుకుంటే మహబూబ్‌నగర్ జిల్లా, పొద్దుగాల లేస్తే నాగర్‌కర్నూల్. గద్వాలోళ్లే నయం, కొట్లాడి జిల్లా తెచ్చుకున్నరు."

నార్వే వాళ్లు కూడా ఊరుకోలేదు. నూరుమందికి పైగా ఒక పెద్ద ఇంట్లో కూర్చుని, ఆరు వారాల్లో తమ రాజ్యాంగం తామే రాసుకున్నారు. చివరికి స్వీడన్ రాజును ఒప్పుకోక తప్పలేదు గాని, తమ చట్టాన్ని మాత్రం చాలావరకు నిలబెట్టుకున్నారు. ఆ చట్టం రాసుకున్న రోజును పండుగ చేసుకుంటే కొత్త రాజుకు గిట్టలేదు, వద్దన్నాడు. ఒక ఏడు జనం రాజధానిలో గుమిగూడితే గుర్రాల సిపాయిలు వచ్చి చెదరగొట్టారు. అయినా మానలేదు. తర్వాత్తర్వాత బడిపిల్లలు జెండాలు పట్టి ఆ రోజున ఊరేగడం మొదలుపెట్టారట. మమ్మల్ని అడగకుండా మా సంగతి తేల్చడానికి మీరెవరు అన్నదే ఆ శతాబ్దమంతా వాళ్ల పోట్లాట.

ఆ దేశంలోనే పడమటి ఒడ్డున చేపలు పట్టే పేదల్లో ఈ రోగం మెండుగా ఉండేది. సర్కారు రోగుల పేర్లన్నీ ఊరూరా పుస్తకాల్లో రాయించింది. "లిస్టు" అంది తోటికోడలు, తలెత్తకుండానే. మా ఉపన్యాసంలోని డాక్టరు అక్కడే ఆసుపత్రిలో పనిచేసేవాడు. భూతద్దంలాంటి యంత్రంలో చూసి పురుగును పట్టుకున్నాడు. అది పాపం వల్ల వచ్చే రోగం కాదు, వంశంలో వచ్చేదీ కాదు, అంటుకునేది అన్నాడు. అంత గొప్పవాడే. తర్వాత పేజీలో, ఫోటో కింద, రెండే రెండు వాక్యాలున్నాయి. తన మాట రుజువు చేయడానికి ఆయన ఆసుపత్రిలోని ఒక రోగి అయిన ఆడమనిషి కంటిపొరను, ఇంకొకరి పుండు రసం అంటిన సూదితో, ఆమెను అడగకుండా గీశాడు. ఆమె ఫిర్యాదు చేస్తే కోర్టు ఆయన్ని ఆ ఆసుపత్రి ఉద్యోగం నుంచి తీసేసింది.

తోటికోడలు కాయ ఒలవడం ఆపింది. "మల్లోపాలి సదువు."

మళ్లీ చదివాను.

"ఆమె పేరేందంట?"

వెతికాను. డాక్టరు పేరు పుస్తకంలో ప్రతి పేజీలోనూ ఉంది. లోకమంతా ఆ రోగానికే ఆయన పేరు పెట్టిందట. ఆమె పేరు ఎక్కడా లేదు. దేశాన్ని అడగకుండా ఇచ్చేస్తే గుర్రాలకు ఎదురు నిలిచిన జనంలో పుట్టినవాడు, మంచం మీది ఆడమనిషిని ఒక్క మాట అడగలేకపోయాడు.

మరునాడు సూపర్వైజరుకు ఆ పేజీ చూపించాను. "సారూ, గీ సంగతి ఉపన్యాసంల లేదేంది?"

"గొప్పోళ్ల మీద గట్ల చిన్న చిన్నయి ఉంటయి అమ్మా. మనకెందుకు?"

"కన్ను చిన్నదా సారూ? నేను మొత్తం సదువుత, గీ రెండు ముచ్చట్లు గూడ సదువుత. లేకుంటే గా పేరు తీసెయ్యిన్రి. రెండిట్ల ఒకటి."

ఆయన పుస్తకం తిప్పి అట్ట చూశాడు. అక్షరాలు నేర్పిస్తే వీళ్లు పుస్తకాలు కూడా చదువుతారని ఆయన శాఖవాళ్లు ఎవరూ ముందు చెప్పినట్టు లేదు.

"పేరు తీసేస్త. శాలువ కొని పెట్టిన గదా, అదేం చెయ్యాలె? ఫోటో పంపాలె."

"మన ఊర్ల శాలువకు భుజాలు కరువా సారూ?" అన్నాను. నవ్వుతూ అన్న ఆ మాట ఎక్కడికి పోతుందో అప్పుడు ఆలోచించలేదు.

సభ జరిగింది. డాక్టరును పొగిడాను. పేరు లేదు కనుక అక్కడితో ఆపాను. సూపర్వైజరు అలవాటు చొప్పున "ఇప్పుడు సన్మానం" అన్నాడు. ఎవరికని ఎవరూ అడగకముందే సర్పంచ్ భర్త లేచి మెడ వంచాడు. శాలువ పడింది. ఫోటో తీశారు. ఆ ఫోటో కింద సూపర్వైజరు ముందురోజే రాసిపెట్టుకున్న మాటలు వాట్సాప్ గ్రూపులన్నిటికీ పోయాయి. మాట ఇచ్చినట్టు ఆయన మా తోటికోడలి పేరు తీసేశాడు, మిగతా వాక్యం మాత్రం అట్లాగే ఉంచాడు. "కుష్ఠువ్యాధిని జయించి, నేడు ఊరికి ఆదర్శంగా నిలిచిన వ్యక్తికి ఘన సన్మానం." సర్పంచ్ భర్త డిగ్రీ చదివినవాడు. ఫోటోలో మీసం బాగా పడిందా లేదా చూసుకుని, కింద ఏముందో చదవకుండా చుట్టాలందరికీ తానే పంపించాడు.

వనపర్తి నుంచి వియ్యంకుడు ఫోన్ చేశాడు. మంగలాయన సాయంత్రం రమ్మన్నాడు, సాయంత్రం పోతే పొద్దున రమ్మన్నాడు. చాయ్ హోటల్లో ఆయనకు కాగితం కప్పు వచ్చింది.

"గిలాస యాడవాయెరా?"

"కడుగుతున్నం అన్నా. జర బయట బల్ల మీద కూసోరాదు, గాలి మంచిగొస్తది."

సూపర్వైజరు చేత గ్రూపుల్లో సవరణ వేయించాడు. "పై ఫోటోలోని వ్యక్తికి కుష్ఠు లేదు" అని. మొదటిది చూడనివాళ్లు దాంతో మొదటిది వెతుక్కుని చూశారు. పదిరోజులకు మనిషి సగమయ్యాడు. పంచాయతీ ముందు నిలబడి అరిచాడు: "శాలువ నాది గాకుంటే ఎవలిదో ఒకలది గదా! రేపు పోయి సూపర్వైజరు దగ్గెర లిస్టు తీస్త. అసలు మనిషెవలో బయట పెడ్త!"

ఇంటికి వచ్చి ఆ అరుపు సంగతి తోటికోడలికి చెప్పాను. ఆమెను అడగకుండా ఏమీ చేయకూడదని పోట్లాడినదాన్ని, ఆ మనిషిని మాత్రం నేను అడగలేదు. నా నోటి మాటతోనే ఆ శాలువను ఆయన మెడకు తగిలించాను.

"చూసినవా అక్కా" అంది తోటికోడలు. "రోగం లేని మనిషికే గిట్లైతే, నాకెట్లుండు?" మళ్లీ తనే, "రేపు ఆయన లిస్టు తీసేదానికంటె ముందుగాల బడికి రమ్మను" అంది.

నేనే పోయి పిలిచాను. నెలకోసారి బడి భోజనం రుచి చూసి రిజిస్టరులో రాయడం సర్పంచ్ ఇంటివాళ్ల బాధ్యతే. పిల్లలు తిని పోయాక వచ్చాడు. ఆమె పిల్లలు తినే స్టీలు పళ్లెంలో అన్నం, పప్పు, గుడ్డు పెట్టింది.

ఆయన పళ్లెం వైపు చూశాడు. "కాయిదం ప్లేటు లేదా పిల్లా? నీకు భయం లేదా?"

"భయమెందుకు బావా? మీకు రానే రాలె. నాకొచ్చింది. తొమ్మిదేండ్లాయె. గద్వాలకు పోయి పన్నెండు నెలలు గోళీలు మింగిన, పోయింది. గా శాలువ నాకు తెచ్చిందే."

ఆయన చెయ్యి అన్నంలో ఆగింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏడేళ్ల వంటగది ఆ చేతి కింద ఉంది.

"బీచుపల్లి మొక్కు?"

"గదే."

"మా మనుమరాలు గీడనే తింటది" అన్నాడు.

"ఎరుకే బావా. గుడ్డుల తెల్లదే తింటది, పచ్చది పక్కదానికి ఇస్తది. మస్తు చెప్పిన, వినదు."

ఆయన ముఖం ఎటు తిరుగుతుందో తెలియలేదు. పదిరోజులుగా కాగితం కప్పులో తాగిన మనిషి ఆయన. చివరికి వేళ్లు కదిలాయి, అన్నం కలిపాడు. "జర పప్పు వెయ్యి" అన్నాడు.

లిస్టు కోసం ఆయన పోలేదు. రెండు రోజుల తర్వాత నేను హోటల్ ముందు నుంచి పోతుంటే, బయట బల్ల మీద కూర్చుని, కాగితం కప్పు పక్కన పెట్టి, నలుగురికి గట్టిగా చెబుతున్నాడు.

"ఆఁ, పెద్దరోగం వచ్చిండె. నాకే వచ్చిండె. గోళీలు మింగిన, పోయింది. ఏమైంది నాకు, చూడున్రి! ఊరకనే కప్పుతర్రా శాలువలు?"