ఎర్రపిడి కత్తెర

నా చేతులకి కుదురు లేదు. దీని చేతిలో ఏదో ఒకటి పెట్టకపోతే దుప్పటి పోగులు లాగి కూర్చుంటుందని చిన్నప్పుడు మా అమ్మ తిట్టేది. ఇప్పుడు చేతిలోకి ఫోనొచ్చింది, ఇంకేముంది! నందిగామలో బస్సెక్కి కూర్చున్న దగ్గర్నుంచి జగ్గయ్యపేటలో దిగేదాకా బొటనవేలు ఆగదు. పాత గాజులతో గోడకి తగిలించేవి, గుడ్డపీలికలతో తోరణాలు, శుభలేఖలతో నగల పెట్టెలు. వీడియోల్లో ఎవరివో చేతులు టకటకా చేసేస్తుంటాయి, మొహం మాత్రం కనపడదు. చూస్తున్నంతసేపూ నా వేళ్ళు జిలపెడతాయి. టోల్‌గేటు దగ్గర సిగ్నల్ పోయి ఆ చేతులు మధ్యలో ఆగిపోయాయంటే డ్రైవరు మీద, ఫోను మీద, ముందున్న సిమెంటు లారీల మీద, అన్నిటి మీదా ఒకేసారి కోపం వస్తుంది.

జగ్గయ్యపేటలో ఒక చిన్న స్కూల్లో రెండో తరగతికి చెప్తా. పిల్లల చార్టుల కోసమని మొదలెట్టా ఈ కత్తిరించడం, అతికించడం. తర్వాత అది పిచ్చయి కూర్చుంది. మంచం కింద మూడు అట్టపెట్టెల నిండా సగం చేసి వదిలేసినవే. "ఏదో ఒకటి కత్తిరించకపోతే నీకు అన్నం అరగదు" అంటాడు మా ఆయన. నిజమే, అరగదు. అన్నిట్లోకీ నాకు ప్రాణం ఎర్రపిడి కత్తెర. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. దాంతో కత్తిరిస్తే కాగితం అంచు పళ్ళు పళ్ళుగా వస్తుంది. ఒకసారి పాల ప్యాకెట్ కోయడానికి మా ఆయన దాన్ని తీశాడని రెండు రోజులు మాట్లాడలా.

పోయిన డిసెంబరు మొదట్లో బస్సులో ఒక వీడియో చూసా. ఎవరో ఏ దేశమావిడో, వాళ్ళ నాయనమ్మ రాసిన ఉత్తరాల్ని ఆకులుగా కత్తిరించి పెద్ద చెట్టు అతికించింది. కాగితం ముక్కలతో అట్టా చేసిన బొమ్మని కొలాజ్ అంటారని కూడా నాకు ఫోనే నేర్పింది. కింద కామెంట్లలో అందరూ ఏడుపులే. నేనూ బస్సులోనే ముక్కు తుడుచుకున్నా. అట్టాంటిది మా అత్తయ్యకి చేసిస్తే! కానీ పొలం పనుల్లో బతుకంతా గడిపిన మనిషికి ఉత్తరాలు ఎక్కడివి? దిగేలోపే గుర్తొచ్చింది. కార్డులున్నాయి కదా!

మా చర్చిలో కొత్త సంవత్సరం మొదటిరోజు పొద్దున ఆరాధన అయ్యాక పళ్ళెంలో వాగ్దానం కార్డులు బోర్లా పెడతారు. ఒక్కొక్కరూ వెళ్ళి ఒకటి తీసుకోవాలి. ఎవరి చేతికి ఏ వాక్యం వస్తే ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన మాట అదే. సగం కార్డు మీద వాక్యం, సగం మీద ఏదో ఒక బొమ్మ. అందరం నాలుగు రోజులు చూసుకుని ఎక్కడో పడేసుకుంటాం. అత్తయ్య మాత్రం ముప్పై ఏళ్ళవి దాచుకుంది. రోజూ సాయంత్రం వసారాలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, పెద్ద బైబిలు పుస్తకం ఒళ్ళో తెరిచి, అందులోంచి ఒక్కో కార్డూ తీసి చూస్తూ ఆ వాక్యం పైకే చెప్పుకుంటుంది. నేను ఆ ఇంటికొచ్చిన పన్నెండేళ్ళలో ఆ పని ఆగిన రోజు లేదు.

అప్పుడే అత్తయ్య వారం రోజులకని వీరులపాడు దగ్గర వాళ్ళ కూతురింటికెళ్ళింది. ఆటోలో జారిపోతాయని కార్డులు మాత్రం కవర్లో చుట్టి బీరువాలో పెట్టి వెళ్ళింది. తను తిరిగొచ్చే శనివారం సాయంత్రమే మా ఇంట్లో ప్రార్థన. పాస్టరుగారూ, సంఘం వాళ్ళూ వస్తారు. అందరి ముందూ ఇస్తే! నాకిక నిద్ర పట్టలా, తిండి సయించలా.

కార్డులు మంచం మీద పరిచా. ఓరి దేవుడో, ఏం బొమ్మలు! రంగు వెలిసిన గొర్రెపిల్ల, పడవ, పొద్దుతిరుగుడు పువ్వు, మంచుకొండ. దేనికీ దేనికీ పొంతన లేదు. వీడియోలో ఆవిడ పదేపదే చెప్పింది, రంగులు రెండుకి మించితే బొమ్మ చెడుతుందని. ఆ మాట పట్టుకున్నా. బొమ్మలన్నీ కోసేసి వాక్యాలు మాత్రం ఆకులుగా కత్తిరించా. అంచులు పళ్ళు పళ్ళుగా, అచ్చం వేపాకుల్లా వచ్చాయి. దేవుడి వాక్యం కదా, ముక్క కూడా కాలి కింద పడకుండా, ఒక్క అక్షరం పోకుండా చూసా. ఆ శ్రద్ధకి నన్ను నేనే మెచ్చుకున్నా కూడా. బొమ్మల ముక్కలు పారేయబుద్ధి కాక స్వీటు డబ్బాలో వేసి గురువారం స్కూలుకి పట్టుకెళ్ళా, పిల్లల చార్టులకి పనికొస్తాయని.

శనివారం చెట్టుని ఫ్రేము కట్టించి, తువ్వాలు కప్పి, ప్రార్థన అయ్యాక తీసా. అబ్బో, ఏం గోల! పాస్టరుగారు ఒక్కో ఆకూ చదువుతుంటే అందరూ ఆమేన్ అంటున్నారు. ఫోన్లు బయటికొచ్చాయి. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగిన వాళ్ళందరికీ వీడియో పంపించా. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని ఫ్రేము దగ్గరికొచ్చింది. పైనుంచి కిందకి, కింద నుంచి పైకి చూసింది. అద్దం మీద వేలు పెట్టి కొమ్మ కొమ్మకీ నడిపింది. కళ్ళనిండా నీళ్ళు. ఆనందం అనుకున్నా, నా మొహం.

అందరూ వెళ్ళాక కాగితం ప్లేట్లు ఏరుతున్నా. అత్తయ్య వెనకాల నిలబడి మెల్లిగా అంది, "అమ్మాయ్, చెట్టు బాగుందిలే. నా కార్డులు ఏడబెట్టావో ఇటియ్యి."

"అవే కదత్తయ్యా ఇవి!"

"ఏడున్నయ్యి? నా గొర్రెపిల్లేదీ? పడవేదీ?"

"బొమ్మలు తీసేసా అత్తయ్యా. మాటలన్నీ ఉన్నాయి చూడండి. ఒక్క అక్షరం పోనివ్వలా."

"అక్షరాలు నేనేం జేసుకుంటానమ్మా? నాకేమన్నా చదువొచ్చిద్దా?"

అత్తయ్య అరవలా, ఏడవలా. నాకేదో తెలిసిన సంగతే మళ్ళీ గుర్తుచేస్తున్నట్టు అంది, అంతే. ఆ తర్వాత కూలబడి చెప్పింది. కార్డు చేతికొచ్చిన రోజే పాస్టరమ్మగారి చేత రెండుసార్లు చదివించుకుంటుందట. ఇంటికొచ్చేలోగా బొమ్మ చూస్తూ వాక్యం నోటికి పట్టేస్తుందట. గొర్రెపిల్ల కనపడితే ఆ వాక్యం, ఆ ఏడాది, ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగిందో అన్నీ వచ్చేస్తాయట. పడవేమో మామయ్య పోయిన ఏటిది. సున్నపురాయి క్వారీ దుమ్ము తినీ తినీ ఊపిరి అందక పోయాడాయన. "ఆ ఏడు నాకు పడవొచ్చింది. దాన్ని జూసుకునే బతికా" అంది.

లోపలికెళ్ళి మా ఆయన మీద పడ్డా. "మీ అమ్మకి చదువు రాదని నాకెందుకు చెప్పలా?" ఆయన బిత్తరపోయాడు. "నీకు తెలీదా? పన్నెండేళ్ళ నుంచీ ఒకే ఇంట్లో ఉంటున్నారుగా!" కోపమంతా తిరిగి తిరిగి నా మీదికే వచ్చింది. ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించే దాన్ని, వసారాలో కూర్చున్న మనిషి కళ్ళు ఎటు కదులుతున్నాయో ఒక్కరోజు కూడా చూడలా. సిగ్గుతో చచ్చిపోయా.

ఆదివారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగా. చర్చిలో పాట పుస్తకం పట్టుకుని పాడుతున్న అత్తయ్యనే చూసా. అందరూ పేజీ తిప్పినప్పుడు తనూ తిప్పుతోంది. సాయంత్రం పెద్ద పుస్తకం తెరిచింది, మళ్ళీ మూసేసింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ ఊరికే కూర్చుంది. నాకు వంటింట్లో కాలు నిలవలా. ఫోన్ తీసి పక్కన కూర్చుని గొర్రెపిల్లల కోసం వెతికా. వేలకి వేలు గొర్రెపిల్లలు! బొటనవేలుతో తోస్తూనే ఉన్నా. "ఇది కాదు. ఇది కూడా కాదు, మా దానికి ఒక చెవి ఇట్టా మడతబడి ఉండిద్ది" అంటోంది అత్తయ్య. పడవల దగ్గరా అంతే. "మా పడవలో మనుషులు లేరమ్మా. ఉత్త పడవే." దునియాలో ఉన్న పడవలన్నీ చూపించా. అది లేదు. జీవితంలో మొదటిసారి ఫోన్ విసిరి కొట్టాలనిపించింది.

సోమవారం బస్సులో ఫోన్ బయటికి తీయలా. చిల్లకల్లు దాటుతుంటే, దిగి బస్సుని వెనక నుంచి తోద్దామా అన్నంత తొందర. క్లాసులోకెళ్ళి డబ్బా మూత తీసా. ఖాళీ! చెట్టు అతికించడానికి నేను సెలవు పెట్టిన శుక్రవారమే పిల్లలు చార్టులు చేసేశారు. గోడల మీద అక్కడొకటి ఇక్కడొకటి అత్తయ్య బొమ్మలు. మంచుకొండ మీద ఎవరో జెండా గీశారు. పొద్దుతిరుగుడు పువ్వుకి కళ్ళూ మీసాలూ వచ్చాయి. తడిగుడ్డతో నానబెట్టి ఒక్కొక్కటే ఊడదీసా. చాలావరకు దొరికాయి. పడవ లేదు. బల్లల కింద, గోడవార, స్కూలు ఆయమ్మ ఊడ్చి పోసిన కుప్పలో కూడా చెయ్యిపెట్టి వెతికా. అప్పటికే సగం కుప్ప తగలబెట్టేశారు.

గొర్రెపిల్ల మాత్రం ఒక ఆడపిల్ల దగ్గర ఉంది. వాళ్ళమ్మది కోదాడ వైపు, పిల్ల మాటలోనూ ఆ యాస తగులుతుంది. 'పెంపుడు జంతువులు' అని రాసి, మధ్యలో గొర్రెపిల్లని అతికించి, అది పారిపోకుండా పెన్సిలుతో గుంజ గీసి తాడేసి కట్టేసింది.

"అది నాకివ్వమ్మా."

"నేనియ్య టీచర్. ఇది నాది."

"ఇంకో గొర్రెపిల్లని తెచ్చిస్తా."

"నాకిదే గావాలె."

ఏమనాలి? ఈ పిల్ల చెప్పేదీ, అత్తయ్య చెప్పేదీ ఒకటే మాట. "పోనీ, దీనికి బదులు ఏం కావాలో చెప్పు" అన్నా. ఆ పిల్ల కాసేపు నన్ను, కాసేపు నా సంచిని చూసింది. "ఎర్ర కత్తెర" అంది. రెండు రోజుల నుంచీ అత్తయ్య మొహం చూడలేక చస్తున్నా కదా, కత్తెర ఇచ్చేసా. మొన మొద్దుగానే ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నా.

గొర్రెపిల్లని చూసి అత్తయ్య మొదట నవ్వింది. "దీన్నెవురు కట్టేశారే!" తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫ్రేము ఊడదీయించా. నేను ఆకు మీదున్న వాక్యం చదవడం, రెండో మాట పూర్తికాకముందే అత్తయ్య మిగతాది చెప్పేసి "ఇది మంచుకొండ" అనడం. దాన్నీ దీన్నీ కలిపి కొత్త అట్ట మీద అతికించడం. నాలుగు సాయంత్రాలు పట్టింది. చెట్టు చివరికి ఆకులన్నీ రాలి మోడైంది. పడవ వాక్యం మాత్రం సగం ఖాళీ అట్టతోనే పుస్తకంలోకెళ్ళింది. అక్కడికొచ్చినప్పుడు అత్తయ్య ఆ ఖాళీ మీద బొటనవేలు ఆనించి కళ్ళు మూసుకుని చెప్తుంది. చూడలేక నేను లేచి పోతా.

ఒకరోజు ధైర్యం చేసి అక్షరాలు నేర్పనా అని అడిగా. "వద్దులే తల్లీ. నాకు చదువొస్తే బొమ్మలెందుకని నువ్వు మళ్ళీ కత్తెర తీస్తావు" అంది. ఏడిపించడానికే అంది, నాకు మాత్రం ఎక్కడో తగిలింది.

జనవరి ఒకటిన చర్చిలో మళ్ళీ పళ్ళెం పెట్టారు. ఈసారి కార్డులు కొత్త రకం. నున్నగా మెరుస్తూ, మొత్తం అక్షరాలే, బొమ్మ లేదు. అత్తయ్య అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. పాస్టరమ్మగారు అక్కడే ఉన్నారు. ఆవిడ దగ్గరికి వెళ్ళలా. తిన్నగా నా దగ్గరికొచ్చి "చదువమ్మా" అంది. చదివా. "మళ్ళా" అంది. మళ్ళీ చదివా.

ఇంటికొచ్చాక కార్డు నా చేతిలో పెట్టింది. "దీనికి బొమ్మ లేదు, ఏదన్నా అతికించు." చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. వెనక్కి లాక్కున్నా.

"ఏం బొమ్మ కావాలత్తయ్యా?"

ఆలోచించనైనా లేదు. "కత్తెర. ఎర్రపిడిది" అంది. "పోయిన నెలలో ఏమైందో గుర్తుండాలిగా."

వంటింటి కత్తెరతో ఎర్రకాగితం, వెండికాగితం కత్తిరించి కత్తెర బొమ్మ చేసా. వంకరగా వచ్చింది. అతికించి ఇచ్చా.

ఇప్పుడు సాయంత్రాలు వసారాలో కార్డులన్నీ అయ్యాక చివర్లో అదొస్తుంది. అత్తయ్య కళ్ళజోడు పైనుంచి ఒకసారి నా వంక చూస్తుంది. తర్వాత కత్తెరని చూస్తూ వాక్యం చెప్పుకుంటుంది, ఒక్క అక్షరం పోనివ్వకుండా.