గట్టెక్కే ఆయాసం

నేను చెప్పినట్టే రాయమ్మా. మధ్యలో నీ తెలివి కలపకు.

పెడనలో మా అత్తగారింట్లో కలంకారీ అద్దకం పని. అద్దిన బట్ట కాలవలో ఉతికి, ఆ తడి మూట నెత్తిన పెట్టుకుని గట్టెక్కాలి. నాకూ మా తోడికోడలికీ చెరో మూట. ఆవిడ కబుర్లు చెబుతూనే ఎక్కేసేది. నాకు సగం గట్టుకే చెవుల్లో హోరు, కాళ్ళు నావి కానట్టుండేవి. కూలబడిపోయేదాన్ని.

"అదే మూట, అదే గట్టు. దానికి లేని ఆయాసం నీకెక్కడిదే? ఒళ్ళొంగదని చెప్పు, పనిదొంగా" అనేది మా అత్త.

మీ తాతయ్యకి చెప్పుకుంటే, "అందరూ మోయట్లేదా, కాస్త ఓర్చుకో" అని పేపరు తిప్పేవారు.

దానికి తోడు బియ్యం గొడవ. చెరుగుతూ చెరుగుతూ గుప్పెడు నోట్లో వేసుకోకపోతే నాకు తోచేది కాదు. "పెళ్ళయిపోయింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నీ పెళ్ళికి తుఫానే వచ్చేది" అని తోడికోడలు నవ్వేది. పనిదొంగనల్లా తిండిదొంగని కూడా అయ్యాను.

చాలా ఏళ్ళకి, గర్భసంచి ఆపరేషనుకని బందరు వెళ్తే ముందు రక్తం తీశారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, నా కనురెప్ప కిందకి లాగి చూసింది.

"పచ్చి బియ్యం తింటారామ్మా?"

ఈవిడకెవరు చెప్పారా అని సిగ్గుతో తల దించుకున్నాను.

"మీ తప్పు కాదమ్మా. ఒంట్లో ఐరన్ తగ్గితే అలాగే తినాలనిపిస్తుంది. రక్తం ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది మీకు. పక్కవాళ్ళకి మామూలు పనే మీకు కొండెక్కినట్టుంటుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

నేను నోరు తెరిచేలోపే మీ తాతయ్య అందుకున్నారు. "ఒక్కసారైనా చెప్పలేదండీ."

ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే గుర్తులేదు. నాకు మండింది అక్కడే.

ఐరన్ ఎక్కించిన కొన్ని వారాలకి మళ్ళీ చూపించుకోడానికి వెళ్ళి, ఆసుపత్రి మెట్లన్నీ ఆగకుండా ఎక్కాను. ఏమీ అనిపించలేదు. జనం ఇలా ఎక్కుతారన్నమాట అనుకుని పైన నిలబడి ఏడ్చాను. "ఇప్పుడు బాగానే ఉందిగా, ఇంకా ఏడుపెందుకు" అన్నారాయన. పనిదొంగ అన్న మా అత్త అప్పటికే పోయింది. ఇక ఆ మాట వెనక్కి తీసుకునేదెవరు?

రాయడం ఆపేశావేం? మొన్న కాలేజీ గ్రౌండులో పరిగెత్తలేక నువ్వు కూర్చుండిపోయావంటే, "ఫోను తగ్గిస్తే అన్నీ తగ్గుతాయి" అంది మీ అమ్మ. పెన్ను పక్కన పెట్టి చెప్పులేసుకో. రక్తం పరీక్షకిచ్చొద్దాం. నీ మాట ఎటూ నమ్మరు, రిపోర్టయినా చేతిలో పెడదాం.