మా ఆవిడ నడిపిన తెల్ల కారు

మార్కాపురంలో నాది కార్ల స్పేర్ పార్ట్స్ దుకాణం. పగలంతా కార్ల గురించే మాట్లాడి, సాయంత్రం షట్టర్ దించాక మళ్లీ కారెక్కి ఏ పనీ లేకుండా గిద్దలూరు దాకా వెళ్లొచ్చే మనిషిని. మొదట పాత జీపు నడిపాను. అందులో ఇంజను కన్నా మన నడుముకే పని ఎక్కువ. తర్వాత అంబాసిడర్. నల్లమల ఘాట్‌లో దాన్ని తిప్పాలంటే మలుపు కనబడక ముందే భుజాలు సిద్ధం చేసుకోవాలి. కానీ వెనక సీట్లో అంత హాయిగా నిద్రపట్టే కారు మళ్లీ చూడలేదు. ఇన్ని నడిపినా, నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఒక తెల్ల చిన్న కారు. దాన్ని నేను నడిపింది తక్కువ. నడిపింది మా ఆవిడ.

ఆమె పుల్లలచెరువు వైపు ఒక ఆసుపత్రిలో నర్సు. రోజూ బస్సులో వెళ్లొచ్చేది. ఒకరోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "నాకు గూడా కారు నేర్పియ్యయ్యా. బస్సు కోసం నిలబడీ నిలబడీ కాళ్లు పీక్కపోతన్నాయి" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ చిన్న కారు అలా కొన్నాం. ఆదివారం ప్రార్థన అయిపోగానే దొనకొండ వెళ్లేవాళ్లం. అక్కడ బ్రిటిష్ వాళ్ల కాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే ఉంది. ఇప్పుడు అక్కడ దిగేవి కాకులే. ఆమె క్లచ్ వదలగానే కారు కప్పలా ఎగిరి ఆగిపోయేది. అక్కడ గొర్రెలు మేపుకునే పెద్దాయన ఒకసారి దగ్గరికొచ్చి, "తల్లీ, నా గొర్రెలకు కారంటే ఏందో తెల్దు, నీకూ తెలిసినట్టు లేదు. కొంచెం అటు దూరంగా తిప్పుకో" అన్నాడు. ఆమె నవ్వాపుకోలేక స్టీరింగ్ మీద తల పెట్టేసింది.

నేర్చుకున్నాక మాత్రం నాకన్నా బాగా నడిపింది. ఈ మాట నేను దుకాణంలో ఎవరితోనూ అనలేదు గానీ, నిజం. నాకు వేగం కావాలి. ఆమెకు వెనక కూర్చున్నవాళ్లు కుదుపుకు ఉలిక్కిపడకూడదు, అంతే. గేరు మారిన సంగతి తెలిసేది కాదు. ఆ దారిలో ఆడవాళ్లంతా ఆ బండిని 'నర్సమ్మ కారు' అనేవాళ్లు. చెయ్యెత్తితే ఆగేది. కూలికి పోయేవాళ్లు, సంకన బిడ్డతో తల్లులు, మందుల కోసం వచ్చే ముసలివాళ్లు, అందరూ ఎక్కేవాళ్లు. సాయంత్రం వెనక సీటు దులిపితే వేరుశనగ తొక్కలు రాలేవి.

ఒక వానాకాలం మధ్యాహ్నం నొప్పులు పడుతున్న అమ్మాయినీ, వాళ్లమ్మనూ ఎక్కించుకుని మార్కాపురం బయల్దేరింది. అంబులెన్స్ ఎక్కడో దూరంగా ఉందట. దారిలో వాగు పొంగింది. లోతు తక్కువేనని దింపితే, నడిమధ్యలో ఇంజను ఆగిపోయింది. నీళ్లు తలుపుల సందుల్లోంచి కాళ్ల కిందికొచ్చాయి. వెనక ఆ తల్లి "నా బిడ్డను ఈడనే పెట్టి సంపేటట్టున్నావే దేవుడా" అని ఏడుపు. గట్టు మీద గొడ్లు తోలుకెళ్తున్న మగవాళ్లు పరుగెత్తుకొచ్చి నడుం లోతు నీళ్లలో దిగారు. "అక్కా, నువ్వు స్టీరింగు నేరుగా పట్టుకో సాలు. మేం నూకుతాం" అని అవతలి గట్టుకు చేర్చారు. అక్కణ్ణుంచి ఎవరిదో ఆటోలో ఆసుపత్రికి చేరారు.

మా ఆవిడ మోకాళ్ల దాకా బురదతో ఇంటికొచ్చి, "ఆడబిడ్డ పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. కారే వాగు కాడ ఉంది" అంది.

మరునాడు తనే అంది: "ఎత్తు బండి ఉండుంటే ఆ అమ్మాయి అంత బయపడేది గాదు గదా. ఏదన్నా చూడు."

నాకు ఆ మాటే చాలు. వాగు దగ్గరి కారును ఇంటికి తెచ్చి బాగుచేయించాను, ఎత్తయిన పెద్ద డీజిల్ కారూ తెచ్చాను. ఇంటి ముందు రెండు బండ్లు పట్టవు. "చిన్నదాన్ని అమ్మేద్దాంలే, దీన్నే నడుపుకుంటా" అని ఆమే అంది. పామూరు నుంచి ఒకాయన వచ్చి తీసుకెళ్లాడు.

పెద్ద కారు చెడ్డదేం కాదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఆయాసపడదు, వాగుల్ని లెక్కచేయదు. కానీ మా ఆవిడ పొట్టి. దిండు వేసుకుని కూర్చున్నా, "బానెట్ చివర యాడుందో తెలవట్లే. ముందర పిల్లోడు నిలబడినా కనపడడు" అనేది. "అలవాటైతాదిలే" అన్నాను. ఒకరోజు మా సందులో మేక అడ్డమొచ్చింది. దానికేం కాలేదు. ఆమె మాత్రం కారు అక్కడే ఆపి, దిగి, తాళం నా చేతిలో పెట్టింది. "నా వల్ల కాదయ్యా." మళ్లీ బస్సు ఎక్కడం మొదలుపెట్టింది.

కారంటే ఇంజను, చక్రాలు, సస్పెన్షన్ అనుకునేవాణ్ణి. నడిపే మనిషి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుందని ఇంత వ్యాపారం చేసిన నాకు తట్టలేదు.

కొన్నాళ్లకు ఇద్దరం పామూరు వెళ్లాం, పాత కారు తిరిగి అడుగుదామని. అది వాకిట్లోనే ఉంది, తళతళ తుడిచి. ఆయన భార్య బయటికొచ్చి మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇది మీదేనంట గదా! నేను దీంట్లోనే నేర్చుకున్నా. ఇప్పుడు మా వీధిలో కారు తోలే ఆడమనిషిని నేనొక్కదాన్నే." మా ఆవిడ నా వైపు చూసి, అడగొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. టీ తాగి వచ్చేశాం.

అలాంటిదే ఇంకొకటి వెతికే లోపల ఆమెకు పక్కల నుంచి వచ్చేవి కనబడటం తగ్గింది. కంటి డాక్టరు ఇక కారు నడపొద్దన్నాడు. ఆమె సరేనంది. డాక్టరుతో వాదించాలనిపించింది నాకే.

మొన్న పెద్ద కారు మార్చేద్దామని, క్లచ్ లేని చిన్న కారొకటి చూడ్డానికి వెళ్లాం. సీటు పైకీ కిందికీ జరుగుతుంది, ముందు రోడ్డంతా కనబడుతుంది. ఆమెకు కొలిచి చేసినట్టుంది. అమ్మే కుర్రవాడు, "మేడమ్ కూడా నడుపుతారా సార్?" అని అడిగాడు.

"నడిపేదాన్ని నాయనా" అంది ఆమె.

ఇంటికొచ్చే దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను ఆ కారు కొనలేదు.