మొదటి కుళాయి మామ్మకే

నా చిన్నప్పుడు, డెబ్భైల్లో, విశాఖ హార్బరుకి ఎదురుగా కొండవాలు మీదున్న మా పేటలో పెద్ద గొంతుకి నేను పెట్టింది పేరు. కలాసీ పని ముగించుకుని మా నాన్న కింద రోడ్డు మీద కనిపిస్తే చాలు, పైనుంచే కేకేసేదాన్ని. ఆడపిల్లకి ఆ గొంతేమిటని మా అమ్మ మొత్తుకునేది. మొత్తుకోదూ మరి!

ఎన్నికలప్పుడు ఆ గొంతే నన్ను జీపెక్కించింది. ప్రచారానికి వచ్చినవాళ్ళు మైకు నా చేతికిచ్చి ఒక నినాదం నేర్పారు. "బిందె దించు, ఓటు వెయ్యి! గుమ్మంలోకే కుళాయి!" ఎంత బాగుందో! వాళ్ళు కొనిచ్చిన పుల్ల ఐసు చప్పరిస్తూ మూడు రోజులు అరిచాను. పేటలో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతూ కూడా అదే పాడారు.

అప్పట్లో మా అందరికీ కొండ కింద వీధి కుళాయి ఒక్కటే దిక్కు. నీళ్ళు పట్టుకుని మెట్లన్నీ ఎక్కి రావాలి. పక్కింటి మామ్మ ఒంటరిది, మోకాళ్ళ నొప్పుల మనిషి. సగం బిందె తెచ్చుకోవడానికి నాలుగు చోట్ల కూలబడేది. ఒక సాయంత్రం నన్ను తన గుమ్మం దగ్గర ఆపింది.

"నిజవేనేటే గుంటా? కుళాయి ఒత్తాదా?"

"నిజవే మామ్మా! మొదటి కుళాయి నీకే ఏత్తారంట!"

ఆ రెండో మాట నాకెవరూ నేర్పలేదు. ఆమె ముఖం వెలిగింది కదా, ఇంకాస్త వెలిగించాలనిపించింది, అంతే.

మామ్మ వెళ్ళి ఓటేసి వచ్చింది. కుళాయి కింద బిందె పెట్టుకోవడానికని గడప పక్కన చదునైన రాయి వేయించుకుంది. అంత కష్టపడి తెచ్చుకున్న నీళ్ళలోంచే చెంబుడు తీసి రోజూ ఆ రాయి కడిగి ముగ్గేసేది. ఆ పార్టీ గెలిచింది. కుళాయి మాత్రం రాలేదు.

ఎండలు ముదిరాక, ఏటా లాగే సబ్బవరం నుంచి ఆమె మేనకోడలు వచ్చి తనతో రమ్మంది. అక్కడ పెరట్లోనే నుయ్యి. వేసవంతా మామ్మ అక్కడే గడిపేది. ఆ ఏడు మాత్రం కదల్లేదు. మొదటి కుళాయి తనకేనట, వేసేవాళ్ళొస్తే ఇంట్లో మనిషుండాలి కదా అంది. నేను అక్కడే ఉన్నాను. అది నేను కల్పించిన మాట అని చెప్పడానికి నోరు రాలేదు. అంత గొంతూ ఏమైపోయిందో!

పది రోజులు తిరక్కుండానే మామ్మ బిందెతో సహా మెట్ల మీద పడింది. తుంటి విరిగింది. ఆస్పత్రి నుంచి తెచ్చాక మళ్ళీ మంచం దిగలేదు. మా అమ్మ గంజి తాగిస్తూ ఏడుపూ కోపమూ కలిపి అడిగింది.

"సబ్బవరం ఎల్లిపోతే ఇంత జరిగేదా అత్తా? మొదట నీకే ఏత్తారని ఏ సచ్చినోడు సెప్పినాడు?"

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. మామ్మ నా వైపు చూసింది.

"ఎవులోనే, జీపులోడు. మొకం గురుతు నేదు" అంది.

తర్వాత నన్ను దగ్గరికి పిలిచి తల నిమిరింది. నాలుగు తిట్టినా బాగుండేది. తొలకరి పడకముందే మామ్మ పోయింది. నేను నిజం చెప్పలేదు, ఆమెకీ, మా అమ్మకీ కూడా.

ఇప్పుడు ఎన్నికలొస్తే మా వీధిలో బళ్ళు వరసగా తిరుగుతాయి. నినాదాలు వినసొంపుగానే ఉంటాయి, మనవలు పాడుకుంటారు. నేను మాత్రం ఎవరికీ "రేపు తప్పకుండా" అనను. మంచి మాట చెప్పడానికి కూడా పీనాసితనమేనని ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. నా కోసం మామ్మ ఆడిన ఆ ఒక్క అబద్ధాన్ని ఇన్నేళ్ళూ మోస్తూనే ఉన్నాను.

అమ్మా, నువ్వూ ఇప్పుడు లేవు. అయినా చెబుతున్నాను. మామ్మకి ఆ మాట చెప్పింది జీపువాడు కాదు. నేనే.