మార్కండేయ సారు గాడిదలు

మార్కండేయ సారుకు బొమ్మలు వేయడం రాదు. రాకపోతే ఊరుకోవచ్చు కదా? ఊరుకోరు. రాయదుర్గంలో ఆయన గడప తొక్కిన ప్రతి మనిషి చేతిలోనూ ఒక సుద్దముక్క పెట్టి, తానూ ఒకటి తీసుకుని, ఎదురుగా కూచుని గీసేస్తారు. మొదలుపెట్టింది ఏదైనా సరే, చివరికి అది గాడిదే అవుతుంది.

కొండమీది కోట గీస్తే పడుకున్న గాడిద. కళ్యాణదుర్గం బస్సు గీస్తే చక్రాల గాడిద. ఒకసారి ఎవరో పెద్దమనిషి ముచ్చటపడి తన బొమ్మే వేయమన్నాడు. ఆ తర్వాత అతను ఆ వీధిలో కనబడలేదు.

అలాగని సారు చదువులేని మనిషి కాదు. మనసుకు వైద్యం చేసే చదువు చదివారు. బొమ్మలతో దిగులును బయటికి రప్పించే విద్య బెంగళూరులో నేర్చారు. కర్ణాటకలోనే ఒక బౌద్ధ మఠంలో కొన్నేళ్లు కళ్లు మూసుకుని కూచుని వచ్చారు. ఈ మూడూ కలిపి, జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్ మీది మేడగదిలో అంగడి పెట్టారు.

వచ్చినవాళ్లు మనసులో ఉన్నది మాట్లాడాలి. మాట రాకపోతే జీన్స్ గుడ్డపీలిక మీద గీయాలి. గీసినదాన్ని ఎదురుగా పెట్టుకుని, ఊపిరి గమనిస్తూ కాసేపు కదలకుండా కూచోవాలి. ఆ తర్వాత గుడ్డ దులిపేయాలి. పోయేదాన్ని పోనివ్వడం నేర్చుకోవాలంటారు సారు. ఆయన బొమ్మల వరకూ అది ఊరందరికీ మేలేనని జనం ఒప్పుకున్నారు.

కింద యూనిట్‌లో జేబులు కుట్టే నాజియాకు ఒకరోజు మిషన్ సూది వేలిలో దిగబడింది. వేలు మానింది గానీ భయం మానలేదు. మిషన్ ముందు కూచుంటే చాలు, చేయి వణుకు. సూపర్‌వైజర్ జయచంద్ర చెడ్డవాడేం కాదు. అయినా పండగ ఆర్డరు వచ్చేలోగా పని మొదలుపెట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇస్తానని చెప్పేశాడు. ఆ సీటు పోతే నాజియా ఇంట్లో పొయ్యి వెలగదు. తల్లి రమీజా తాయెత్తు కట్టించింది, టానిక్కులు తాగించింది. సూది వేయని డాక్టరు మేడమీదే ఉన్నాడని ఎవరో చెబితే, ఇదేదో నయమని కూతుర్ని పైకి తరిమింది.

సారు సుద్దముక్క అందించబోయారు. నాజియా చేతిని చున్నీలో దాచుకుంది.

"చెయ్యి వణుకుతాంది సార్. అయినా నాకు బొమ్మలు రావు."

"నాకు వస్తాయని ఎవరన్నా చెప్పినారామ్మా?" అని సారు గీయడం మొదలుపెట్టారు. కుట్టుమిషనట. దానికి చెవులు కూడా వచ్చాయి. ఆయన గీత నాజియా చేతికన్నా ఎక్కువ వణికింది.

ఆ రోజు ఆమె నోరు మూసుకుని ఇంటికెళ్లింది. మళ్లీ వచ్చినప్పుడు నవ్వు ఆపుకుంది. ఆ తర్వాత ఆమె వల్ల కాలేదు. మిషన్‌తో బతికిన మనిషి, మిషన్‌కు అంత అవమానం జరుగుతుంటే ఎన్నాళ్లని చూస్తుంది?

"ఇట్ల ఇయ్యండి సార్ సుద్ద. చక్రం ఈపక్క ఉంటాది," అని లాక్కుని గీసింది. సూది దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోయింది. సారు తొందరపెట్టలేదు. కళ్లు మూసుకుని ఊపిరి చూసుకుంటూ కూచోమన్నారు. భయం వస్తే రానీ, దాని దోవన అదే పోతుందన్నారు. చాలాసేపటికి నాజియా కళ్లు తెరిచి సూది గీసింది. వంకరే, కానీ సూదే. గుడ్డ దులిపింది. మరునాడు మళ్లీ గీసింది, మళ్లీ దులిపింది. అలా గీస్తూ దులుపుతూ, ఆర్డరు రాకముందే తన సీట్లో కూచుని జేబు కుట్టేసింది.

రమీజా సంతోషం పట్టలేక సేమ్యా పాయసం వండి పంపింది. క్యారియర్ పట్టుకుని మేడెక్కిన నాజియా గుమ్మంలోనే నిలబడిపోయింది. సారు ఒంటరిగా కూచుని నెమలిని గీస్తున్నారు. చేయి ఎక్కడా తడబడలేదు, ఒక్క గీత తప్పలేదు. ఈక ఈకా నిజం నెమలిదే అన్నట్టు ఉంది. ఇంతలో మెట్లమీద చెప్పుల చప్పుడు. సారు గబుక్కున గుడ్డ ఎత్తి దులిపేశారు. నాజియాకు ప్రాణం ఉసూరుమంది.

వచ్చింది బెళుగుప్ప రైతు ఎర్రన్న. ఎద్దును అమ్ముకున్నప్పటినుంచి ఇంట్లో నోరు విప్పని మనిషి. బొమ్మలు తనకు రావన్నట్టు తల అడ్డంగా ఊపాడు. సారు ఎద్దును గీశారు. ఎర్రన్న దాన్ని ఎంతసేపు ఓర్చుకోగలడు?

"కొమ్ములు ఆడ వస్తాయా సార్? జరగండి," అని సుద్ద లాక్కున్నాడు. గీస్తూ గీస్తూ తన ఎద్దు మూపురం గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

నాజియా క్యారియర్ గుమ్మంలో పెట్టి దిగిపోయింది. సాయంత్రం ఖాళీ క్యారియర్ తెచ్చిన సారుతో, నెమలి చాలా బాగుందని మెల్లగా అంది. సారు అటూ ఇటూ చూశారు.

"ఎవరితో అనొద్దు తల్లీ. నా అంగడి మూతపడుతుంది."

ఆమె ఎవరితోనూ అనలేదు. కొన్నాళ్లకు యూనిట్‌లో అరుణజ్యోతి కొత్తగా చేరింది. కుట్టు వంకరపోతుందేమోనని బెదిరి, మిషన్ ముట్టకుండా కూచుంది. నాజియా ఆమె పక్కన స్టూలు వేసుకుని ఒక జేబు కుట్టింది. అదేం జేబో! ఒక మూల పైకి, ఒక మూల కిందికి.

"నాకు వచ్చింది ఇంతే. నువ్వు చూడు," అంది.

అరుణజ్యోతి ఆ జేబును తిప్పి తిప్పి చూసింది. "ఇట్ల కాదేమోక్కా," అంటూ మిషన్ మీదికి వంగింది.

సాయంత్రం జయచంద్ర ఆ జేబును రెండు వేళ్లతో పైకెత్తి, ఎవరు కుట్టినారని యూనిట్ అదిరేలా అడిగాడు.

"నేనే అన్నా," అంది నాజియా. "ఏం, బాగలేదా?"